అమెరికా బావ తెచ్చిన వింత వస్తువు హన్మకొండలో ఎందుకు మొరాయిస్తుంది?

మా చుట్టాల్లో ఎవరింట్లో వింత వస్తువు ఆగిపోయినా చివరికి నా దగ్గరికే చేరుతుంది. గాలిలో తేలే గ్లోబు, నీళ్లు తాగే పక్షి, లావా ల్యాంపు, ఏదైనా సరే ఒక కవర్లో చుట్టి "నువ్వయితే చూస్తవ్ రా" అని ఇచ్చి పోతారు. విప్పి చూస్తే చాలాసార్లు అందులో ఏ లోపమూ ఉండదు. వాటిని చేసినవాళ్లు చల్లని గదినీ తమ దేశపు కరెంటునీ మనసులో పెట్టుకుని చేశారు, మనమేమో వాటిని మే నెలలో కూలర్ పక్కన, ఇన్వర్టర్ మీద పెట్టుకుని పనిచేయమంటున్నాం. అందుకే స్క్రూడ్రైవర్ తీసే ముందు ఇవి చూడండి.

గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతోంది

మా బావ డల్లాస్ నుంచి తెచ్చిన ఫ్లిప్ క్లాక్ కథ ఇది, అదే రేకులు టపటపా తిరిగి అంకెలు మారేది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని 230 వోల్టులను 120కి దించి పెట్టాం, చక్కగా తిరిగింది, కానీ పొద్దున ఆరింటికి సరిచేస్తే మధ్యాహ్నం పన్నెండింటికి పదకొండే చూపించింది. మోటారు అరిగిందనుకుని ఒక షాపులో ఇస్తే వాళ్లు నూనె వేసి డబ్బులు తీసుకున్నారు, గడియారం మాత్రం అలాగే నడిచింది.

కారణం వోల్టులు కాదు, హెర్ట్జ్. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. ఇలాంటి పాత రకం గడియారాల్లో సింక్రనస్ మోటారు ఆ ఊపులనే లెక్కపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి మన దగ్గర గంటకు 50 నిమిషాలే నడుస్తుంది, రోజుకు నాలుగు గంటలు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను ముట్టుకోదు. వెనకాల 50/60 అని చిన్న స్విచ్ ఉంటే 50 వైపు జరపండి, పని అయిపోయినట్టే. స్విచ్ లేకపోతే దాన్ని బొమ్మలా పెట్టుకోవడమో, మన కరెంటుకు సరిపడే మోటారు దొరికితే మార్పించుకోవడమో, అంతే. నూనె వేయించకండి.

అక్కడి నుంచి వచ్చిన ఏ వస్తువైనా ప్లగ్గులో పెట్టే ముందు అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని రాసిన వరుస చదవండి. 100-240 అని ఉంటే నేరుగా పెట్టొచ్చు. ఉత్త 120 అని ఉంటే పెట్టొద్దు, కాలిన వాసన వచ్చాక నాకు ఫోన్ చేసి లాభం లేదు.

వైఫై గడియారం సరిగ్గా అరగంట తేడా, లేదా కరెంటు వచ్చాక ఐదున్నర చూపిస్తోంది

అక్షరాలు వెలిగించి టైము చెప్పే వర్డ్ క్లాక్, చుక్కలతో చెప్పే బైనరీ క్లాక్, ఇలాంటివి ఇంట్లోనే ఈఎస్‌పీ బోర్డుతో, అంటే వైఫై ఉన్న చిన్న చిప్ బోర్డుతో, చేసుకునేవాళ్లు మన దగ్గర బాగా పెరిగారు, ఇంజినీరింగ్ పిల్లలైతే మరీను. అరగంట తేడా వస్తే టైమ్ జోన్ దగ్గర 5 అనో 6 అనో పూర్తి గంటే పెట్టారని అర్థం. మనది ఐదున్నర. సెకన్లలో అడిగితే 19800 ఇవ్వండి, ఊరి పేరు అడిగితే ఆసియా/కోల్‌కతా.

కరెంటు పోయి వచ్చాక ఐదున్నర దగ్గర మొదలైతే భయపడొద్దు. గడియారం రెండు సెకన్లలో లేస్తుంది, రౌటర్‌కు రెండు నిమిషాలు పడుతుంది. నెట్ అందక అది తన లెక్కలో సున్నా దగ్గర నిలబడుతుంది, ఆ సున్నా అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి గ్రీన్‌విచ్ టైము, మనకు తెల్లారి ఐదున్నర. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చండి, లేదా కరెంటు పోయినా నాణెం సైజు సెల్లుతో టైము గుర్తుంచుకునే డీఎస్3231 మాడ్యూల్ ఒకటి కలపండి. అసలు వైఫై పేరే కనిపించకపోతే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆపేసి ఉందేమో చూడండి, మామూలు ఈఎస్‌పీ8266కు 5 గిగాహెర్ట్జ్ పట్టదు.

నీళ్లు తాగే పక్షి తల ఊపడం మానేసింది

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. బ్యాటరీ లేదు, వైరు లేదు, గ్లాసులో ముక్కు ముంచి లేస్తూ ఉంటుంది. అమెరికాలో మైల్స్ సల్లివాన్ అనే ఆయనకు 1946లో దీని మీద పేటెంట్ వచ్చింది. సూత్రం మన రంజన్ కుండదే. తడిసిన తల మీద నీరు ఆరుతూ తలను చల్లబరుస్తుంది, లోపలి ఆవిరి ముడుచుకుంటుంది, కింది ద్రవం పైకి ఎక్కి బరువుకు పక్షి వంగుతుంది, వంగినప్పుడు ద్రవం మళ్లీ కిందికి జారుతుంది. కాబట్టి నీరు ఆరకపోతే పక్షి కదలదు.

వానాకాలంలో ఆగిపోయిందంటే ఇదే సంగతి, రంజన్‌లో నీళ్లు కూడా ఆ రోజుల్లో అంత చల్లబడవు కదా. మరి ఎండాకాలంలో ఎందుకు ఆగింది అని మా వదిన అడిగింది. వెళ్లి చూస్తే పక్షి కూలర్ ఉన్న గదిలో, కిటికీలన్నీ మూసి. కూలర్ చేసేదీ నీటిని ఆవిరి చేయడమే, గది మొత్తం తేమ నింపేసింది, ఇక పక్షి తల ఆరడానికి చోటేది? వరండాలో నీడకు మార్చితే పావుగంటలో ఊగడం మొదలుపెట్టింది. వానాకాలంలో ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. తల మీద రెండు చుక్కల స్పిరిట్ వేసినా లేస్తుంది, అది నీటికంటే తొందరగా ఆరుతుంది, కానీ దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు.

ఇంకో కారణం మన బోరు నీళ్లు. కొన్ని వారాలకు ముక్కు మీది మెత్తటి గుడ్డ తెల్లగా ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది, నీరు పీల్చదు. ఫిల్టర్ నీళ్లతో మెల్లగా కడిగి, గ్లాసులో కూడా అవే పోయండి. ద్రవం తలలోనే ఇరుక్కుపోతే తలకిందులుగా, అటూ ఇటూ వంచి అడుగుకు దింపండి. మే నెల ఎండలో మాత్రం నేరుగా పెట్టకండి. లోపల ఉండేది సాధారణంగా డైక్లోరోమీథేన్, మామూలు పీడనంలో దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. అది విషం కూడా, కాబట్టి పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని బయటికి పంపి, చేతికి తొడుగు వేసుకుని ఎత్తండి.

లావా ల్యాంపు వెలుగుతోంది, మైనం లేవట్లేదు

ఎవరో కరెంటు ఆదా అని ఎల్‌ఈడీ బల్బు వేశారు. మా ఇంట్లో ఆ ఎవరో మా నాన్న. ఇక్కడ బల్బు వెలుగు కోసం కాదు, వేడి కోసం, ఆ వేడికే సీసాలోని మైనం కరిగి పైకి లేస్తుంది. అడుగున రాసిన వాట్లదే, పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. డిసెంబరులో లేవడానికి మూడు గంటలు పట్టినా అది మామూలే.

మే నెలలో కష్టం తలకిందులు. మైనం పైకెళ్లి ముద్దగా అక్కడే కూర్చుంటుంది, లేదా చిన్న చిన్న బుడగలుగా చీలిపోతుంది. మైనం కింద వేడెక్కి లేవాలి, పైన చల్లారి దిగాలి, గదే నలభై దాటితే పైన చల్లారేదెలా? ఆపి పూర్తిగా చల్లారనివ్వండి, ఏసీ గదిలోనో లేకపోతే చలికాలంలోనో వాడుకోండి. ఊపితే ద్రవం పాలలా మసకబారుతుంది, ఆ మసక మళ్లీ పోవడం కష్టం.

గాజు బుడ్డిలో నల్లటి రెక్కలు తిరిగే క్రూక్స్ రేడియోమీటర్ కూడా ఎల్‌ఈడీ కింద బద్ధకంగానే ఉంటుంది. దానికీ వేడి కిరణాలే కావాలి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే గిర్రున తిరుగుతుంది.

గాలిలో తేలే గ్లోబు వణుకుతోంది, పడిపోతోంది

నీళ్ల మీద తేలే రామప్ప ఇటుకలు పక్కనే ఉన్నవాళ్లం, గాలిలో తేలేదాన్ని చూసి మనం మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు గానీ, పడిపోతుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పైనున్న విద్యుదయస్కాంతం గ్లోబును లాగుతుంది, హాల్ సెన్సర్ దూరాన్ని కొలుస్తూ ఆ లాగుడును క్షణక్షణం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇనుప బీరువా మీద పెడితే ఆ లెక్క చెడుతుంది, చెక్క బల్ల మీదికి మార్చండి. కింద అడుగు వాలుగా ఉన్నా వణుకుతుంది.

బల్ల మార్చినా వణుకు పోకపోతే అనుమానం అడాప్టర్ మీద. మల్టీమీటర్‌తో ఊరికే చూస్తే 12 చూపిస్తుంది, గ్లోబు ఎక్కించాక చూస్తే తొమ్మిదికి జారుతుంది. అవే వోల్టులు, అంతే ఆంపియర్లు లేదా ఎక్కువ, పిన్నులో ప్లస్ మైనస్ అదే వైపు ఉన్న కొత్త అడాప్టర్ తెచ్చుకోండి.

కరెంటు పోయిన క్షణంలోనే పడుతుంటే ఇన్వర్టర్ మారేందుకు పట్టే సమయం కారణం. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉంటే పెట్టి చూడండి, చాలకపోతే రౌటర్లకు అమ్మే చిన్న డీసీ యూపీఎస్ సరిపోతుంది, వోల్టులు కలిస్తేనే సుమా. ఈలోగా కింద ఒక మెత్తని గుడ్డ పరచండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

గెలీలియో థర్మామీటర్‌లో బుడ్లన్నీ అడుగునే

నిలువు గాజు గొట్టంలో డిగ్రీల బిళ్లలు కట్టిన బుడ్లు తేలుతూ మునుగుతూ గది వేడి చెప్పేది ఇది. పాడవ్వలేదు. చాలావాటికి 18 నుంచి 26 డిగ్రీల దాకానే బిళ్లలు ఉంటాయి, అంతకు మించి వేడెక్కితే అన్నీ మునుగుతాయి. సంక్రాంతి దాకా ఆగండి.

చాయ్ కప్పు మీద తిరిగే స్టిర్లింగ్ ఇంజిన్ తిరగట్లేదు

కింది పళ్లేనికీ పై పళ్లేనికీ మధ్య వేడి తేడాతో చక్రం తిరిగే బొమ్మ ఇంజిన్ ఇది. మన చాయ్ గ్లాసు చిన్నది, ఇంజిన్ అడుగు పళ్లెం వెడల్పు, ఆవిరి పక్కలనుంచి జారిపోతుంది. వెడల్పాటి స్టీలు గ్లాసులో మరిగిన నీళ్లు అంచు దాకా పోసి పెట్టి, చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి వదలండి. అప్పటికీ మొరాయిస్తే కింది పళ్లేనికీ పై పళ్లేనికీ వేడిలో తేడా చాలట్లేదు, పైన ఒక ఐసు ముక్క పెట్టండి. మే నెలలోనైతే చాయే అక్కర్లేదు. 42 డిగ్రీల గదికీ కప్పులోని చాయ్‌కీ ఎంత తేడానో, ఆ గదికీ గిన్నెడు ఐసుకూ దాదాపు అంతే తేడా. ఐసు మీద పెడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, అది తిరగాల్సిన తీరే, రిపేరుకు తేకండి.