విశాఖ ఉక్కకు తగ్గ నియాసినమైడ్ సీరం, ఇంట్లోనే

వైజాగ్ ఉక్కలో నూనె సీరం రాసుకుంటే ఆర్కే బీచ్ దాకా వెళ్లేలోపే మొహం జిడ్డోడుతుంది, అందుకే నేను నీళ్ల సీరానికి మారాను.

100 గ్రాములకి లెక్క ఇది: డిస్టిల్డ్ వాటర్ 89.5, నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) 5, గ్లిజరిన్ 4, సోడియం హయలురోనేట్ (తేమ పట్టి ఉంచే పొడి) 0.5, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1. చెంచాలతో కొలవొద్దు, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి.

హయలురోనేట్ పొడిని నేరుగా నీళ్లలో వేశారో, ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలా ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా ఓ పట్టాన విడిపోదు. ముందు గ్లిజరిన్‌లో కలిపి పేస్టులా చేసి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి జిగురుగా, తేటగా ఉంటుంది. అప్పుడు నియాసినమైడ్ (ఇట్టే కరిగిపోతుంది), చివర్లో ప్రిజర్వేటివ్.

ప్రిజర్వేటివ్ మానేద్దామనుకోకండి. నేను మొదటిసారి "నేచురల్" అని మానేస్తే పది రోజుల్లో సీసా అడుగున తెల్లటి పోగులు తేలాయి, మొత్తం సింకులో పోశాను. ఫ్రిజ్‌లో పెట్టినా బూజు ఆగదు, నెమ్మదిస్తుందంతే. పెరటి కలబంద గుజ్జు కూడా వద్దు, సూక్ష్మజీవులకి అది విందు భోజనం.

పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) స్ట్రిప్‌తో చూసుకోండి, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఎక్కువుంటే సిట్రిక్ యాసిడ్ ద్రావణం చుక్కచుక్కగా వేయండి. మరీ ఆమ్లంగా ఉంటే నియాసినమైడ్ మెల్లగా నికోటినిక్ యాసిడ్‌గా మారి మొహం ఎర్రబడుతుంది.

సీసాలు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాకే నింపండి. మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూశాకే మొహానికి.