కుక్కకి చుర్పీ మొదటిసారి ఇస్తున్నారా?

ఆదివారం మటన్ తిన్నాక మిగిలిన బొక్కలు కుక్కకి వేయడం మన ఇళ్లలో మామూలే, కానీ ఉడికిన బొక్క కొరికితే మొనలు తేలి చీలుతుంది, పేగులో గుచ్చుకుందంటే ఆపరేషన్ దాకా పోతుంది. తోలు బోన్లు కూడా నాకు నచ్చవు, పెద్ద ముక్క మింగితే కడుపులో నాని ఉబ్బుతుంది. ఎక్కువసేపు నమిలేది కావాలంటే చుర్పీ చూడండి. నేపాల్, సిక్కిం కొండల్లో మనుషులే నమిలే గట్టి చీజ్ ఇది. జడల బర్రె పాలో ఆవు పాలో విరగ్గొట్టి, నీళ్లు పిండేసి, ఎండబెడతారు. మాంసం గడప దాటని ఇళ్లకీ ఇబ్బంది లేదు.

ప్యాకెట్ వెనక పాలు, నిమ్మరసం, ఉప్పు ఉంటే చాలు, ఇంకేవేవో ఉంటే వదిలేయండి. సైజు మాత్రం నోట్లో మొత్తం పట్టనంత పెద్దది తీసుకోండి.

అసలు టెన్షన్ గట్టిదనంతోనే. బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా సొట్ట పడాలని పళ్ల సంగతి తెలిసిన వెట్లు (పశువుల డాక్టర్లు) చెబుతారు, చుర్పీ చాలాసార్లు ఆ పరీక్ష పాస్ కాదు, వెనక దవడ పన్ను పగిలే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే పాల పళ్లున్న కుక్కపిల్లలకీ, పళ్లు అరిగిన ముసలివాటికీ, దొరికిందల్లా పటపటా కొరికే రకాలకీ వద్దు. మిగతావాటికి కాసేపు నీళ్లలో నానబెట్టి ఇస్తే పైపొర మెత్తబడుతుంది. పాలు పడని కుక్కయితే ముందు వెట్‌ని అడగండి.

మొదటి రోజు 10-15 నిమిషాలు చాలు, పక్కనే కూర్చోండి. తీసుకునేటప్పుడు లాక్కోవద్దు, ఉడికించిన చికెన్ ముక్కో పనీర్ ముక్కో చూపిస్తే అదే వదిలేస్తుంది. హైదరాబాద్ కొండాపూర్ డాగ్ పార్కు లాంటి చోటికి మాత్రం చుర్పీని తీసుకెళ్లకండి, ఇంకో కుక్క వాసన పట్టిందంటే కొట్లాటే. మర్నాడు విరేచనం పల్చగా ఉంటే ఆపేయండి, బాగుంటే సమయం మెల్లగా పెంచండి, ఆ మేరకు అన్నం తగ్గించండి.

తడి చుర్పీని డబ్బాలో మూసిపెడితే, ముఖ్యంగా మన వానాకాలంలో, బూజు పడుతుంది, బయట వదిలితే చీమలు. తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

మింగేంత చిన్నదయ్యాక ఆ ముక్క తీసేసుకోండి. పారేయక్కర్లేదు: నీళ్లలో నానబెట్టి మైక్రోవేవ్‌లో అర నిమిషం అటూ ఇటూగా పెడితే పాప్‌కార్న్‌లా ఉబ్బుతుంది, పైన చల్లబడినా లోపల కాలుతూ ఉంటుంది కాబట్టి విరిచి చూసి, పూర్తిగా ఆరాకే వేయండి.