భజన మండలిలో కష్టమైన పద్యంతో కూర్చోవడం ఎలా?

శనివారం భజన ముగిశాక మంగళహారతికి ముందు ఒక అరగంట దొరుకుతుంది. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో చాలా మండలులు ఆ అరగంట ఫోన్‌లో ఎవరిదో ప్రవచనం పెట్టి గడిపేస్తున్నాయి. కొన్నిచోట్ల పద్యమే తీసుకుంటారు కానీ ఒక సారు లేచి ప్రతిపదార్థం, తాత్పర్యం, చివరికి నీతి కూడా తానే చెప్పి కూర్చుంటాడు. అందరూ తల ఊపుతారు. చెప్పులు వేసుకునే సరికి పద్యం పోతుంది. మనిషి తనను తాను చూసుకోవాలంటే పద్యాన్ని ఇలా వాడకూడదు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పద్యాన్ని పెద్ద అక్షరాల్లో రాసి తలా ఒక జిరాక్స్ ఇవ్వండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు, ఎక్కువైతే రెండు గుంపులు చేయండి. చాపల మీద గుండ్రంగా కూర్చోవాలి. హార్మోనియం, డోలక్, తాళాలు మూలకు పెట్టేయండి. ప్రసాదం చివర్లోనే. గుగ్గిళ్లు ముందే పంచితే పద్యం ఎవరూ వినరు.

పద్యం ఎంపికలో నా నియమం ఒకటే: అందరికీ నోటికొచ్చిన పద్యం తీయకూడదు. ‘ఆత్మశుద్ధి లేని ఆచారమది యేల’ గొప్ప పద్యమే. కానీ బడిలో బట్టీ పట్టాం కాబట్టి నోరు చెప్పేస్తుంది, మనసు కదలదు. తత్వాలు, కీర్తనలు కూడా ఈ అరగంటలో వద్దు. ఈ మాటకు కొందరు అలుగుతారని తెలుసు. మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలంటే నాకూ ప్రాణమే. అయితే రాగం ఎత్తుకోగానే చేతికి తాళం దొరుకుతుంది, ఆ సందులో మనసు తప్పించుకుంటుంది. పాడే రోజు పాడుకుందాం.

కొత్త గుంపుకు నేను ధూర్జటి శార్దూల పద్యమే ఇస్తాను:

ఏ వేదంబు పఠించె లూత, భుజగం బే శాస్త్రముల్ సూచె, దా
నే విద్యాభ్యసనం బొనర్చె గరి, చెంచే మంత్ర మూహించె, బో
ధావిర్భావ నిదానముల్ చదువులయ్యా? కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్, శ్రీకాళహస్తీశ్వరా!

సాలెపురుగు ఏ వేదం చదివింది, పాము ఏ శాస్త్రం చూసింది, ఏనుగు ఏ విద్య నేర్చింది, చెంచు తిన్నడు, అంటే మన కన్నప్ప, ఏ మంత్రం జపించాడు అని అడుగుతున్నాడు. జ్ఞానం పుట్టడానికి చదువులు కారణమా? కావు, నీ పాదసేవ మీద ఆసక్తే అంటున్నాడు. ఇంతవరకు చెప్పి ఆపండి. ధూర్జటి రాయల కొలువు, అష్టదిగ్గజాల ముచ్చట మొదలైతే అరగంట అక్కడే అయిపోతుంది. ఇద్దరి చేత రెండుసార్లు చదివించండి, ఒకటి ఆడగొంతు అయితే మంచిది. ఎక్కడ విరవాలో ముందే చెప్పి ఉంచండి.

ఇక అసలు చిక్కు ఇక్కడే.

చదవడం అయ్యాక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. చెప్పినంత తేలిక కాదిది. అర నిమిషానికే ఒకరు దగ్గుతారు, ఒకరు కన్నప్ప కన్ను పెకలించిన కథ ఎత్తుకుంటారు. కథ మొదలైతే అందరికీ హాయి, ఎందుకంటే కథ తిన్నడిది, మనది కాదు. చేయి చూపించి ఆపండి. నడిపేవాళ్లకే ఆ మౌనం ఎక్కువ టెన్షన్. ఆ టెన్షన్‌లోనే నోరు జారి అర్థం చెప్పేస్తారు.

తర్వాత అడిగే మొదటి ప్రశ్న మీదే అంతా ఉంది. ‘దీని భావమేమిటి?’ అంటే బడి అవుతుంది. ‘మీకేమనిపించింది?’ అంటే ‘మంచిగుంది’ అంటారు. నేను ‘ఏ మాట దగ్గర మీకు కోపం వచ్చింది?’ అని అడుగుతాను. ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు.

అచ్చంపేట వైపు ఒక మండలిలో ఇలాగే అడిగితే, సహస్రనామం నోటికి వచ్చిన ఒక రిటైర్డ్ సారు ‘అంటే మేం చదివిందంతా దండుగనా?’ అని కాగితం కింద పెట్టేశారు. ఎవరూ బదులివ్వలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక పెద్దమ్మ అంది: ‘సలేశ్వరం జాతరకు పోతే చెంచు పూజారి ఇచ్చిన తీర్థం కళ్లకద్దుకుంటం. అదే చెంచాయన తేనె అమ్మనీకొస్తే గడప అవతలనే నిలబెడ్తం.’

అంతే, గది అంతా సద్దుమణిగింది. వెంటనే ఒకాయన ‘అందరూ సమానమేనమ్మా, దేవుడి ముందు…’ అని అందుకోబోయాడు. ఇలాంటి మంచి మాటే అప్పుడు కొంప ముంచుతుంది. ఉడికే కుండ మీద చన్నీళ్లు చల్లినట్టే. ‘అన్నా, జర ఆగు’ అని ఆపాల్సిందే. ఆమె మాటకు ముగింపు పెట్టే హక్కు మీకూ లేదు, ఆయనకూ లేదు.

ఇంకో ప్రమాదం, పద్యాన్ని పక్కవాళ్ల మీదికి తోసేయడం. ‘ఇప్పటి స్వాములకు చెప్పాలి ఇది’, ‘మా మరిదికి వినిపించాలి’ అంటారు. నవ్వుతూనే ‘వాళ్లు రాలేదు కదా బాపూ, నీ సంగతి చెప్పు’ అనండి. అలాగని ఎవరినీ వరస ప్రకారం లేపి చెప్పించకండి. ఏమీ మాట్లాడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకునే మనిషిని అసలే కదపవద్దు. ఎవరైనా ఏడిస్తే మంచినీళ్లు ఇవ్వండి, సలహా ఇవ్వకండి. అత్తాకోడళ్లు ఒకే మండలిలో ఉంటే వేరువేరు గుంపుల్లో కూర్చోబెట్టండి. అక్కడ అన్న మాట కల్లు కాంపౌండ్ దాకా పోకూడదని ముందే గట్టిగా చెప్పాలి.

చివర్లో సారాంశం చెప్పకండి. హారతి ఇచ్చి లేవండి. మళ్లీ శనివారం కొత్త పద్యం తీసే ముందు, పాత పద్యం వారంలో ఎవరికైనా ఎక్కడైనా గుర్తొచ్చిందా అని ఒక్క మాట అడిగితే చాలు.

గుంపు కుదురుకున్నాక వేమన పద్యం ‘చంపదగిన యట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు సేయరాదు’ తీసుకోవచ్చు. మాట సులువు, ఒప్పుకోవడం కష్టం. పొలం గెట్టు పంచాయితీతో కోర్టుకెక్కిన ఇద్దరూ ఒకే చాప మీద ఉంటే మాత్రం కేసు తేలేదాకా ఆ పద్యం బయటికి తీయకండి.