ఎత్తు తక్కువ రైడర్‌కు పాత మోటోక్రాస్ బండి – 3వ పాఠం: ఫోర్క్‌ను లోపలి నుంచి దించడం

పోయిన పాఠంలో సీటు ఫోమ్ కోసి 25 మి.మీ. తగ్గించాం. ఆ తర్వాత కాజీపేట చెల్లె బండెక్కి చూసింది. ఆమె ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 50 కిలోలు. ఎడమ కాలి బొటనవేలు మాత్రం నేలకు తాకింది. "అన్నా, కదిలితే భయం లేదు, ఆగితేనే పడిపోతా" అంది. ఎనభైల మొదట్లో వచ్చిన ఈ 125 సీసీ టూస్ట్రోక్‌కు సైడ్ స్టాండ్ లేదు, సెల్ఫ్ లేదు. చెరువు శిఖంలో ఇంజిన్ ఆగిందంటే, కిక్ కొట్టడానికి పక్కన రాయో గట్టో వెతుక్కోవాల్సిందే. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలని మనం అనుకోవడం లేదు. ఒక పాదం ముందు భాగం గట్టిగా ఆనితే చాలు. దానికి ఇంకో 35 మి.మీ. కావాలి.

ఈ బండ్లు ఇంత ఎత్తు ఎందుకయ్యాయో తెలిస్తే, ఎక్కడ తగ్గించాలో కూడా తెలుస్తుంది. డెబ్బైల మొదట్లో మోటోక్రాస్ బండి వెనుక చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, అంటే ట్రావెల్, దాదాపు 100 మి.మీ. మాత్రమే. బెల్జియం ఇంజనీర్ లూసియన్ టిల్కెన్స్ ఆలోచించిన మోనోషాక్‌ను (వెనుక రెండుకు బదులు ఒకే షాక్) యమహా తీసుకుంది. ఆ బండి మీద హాకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అక్కడి నుంచి ట్రావెల్ పెంచే పోటీ మొదలై, పదేళ్లు తిరక్కుండానే 300 మి.మీ. దాకా పోయింది. ట్రావెల్‌తో పాటు సీటూ పైకి లేచింది. కాబట్టి ఎత్తు తగ్గించాలంటే ఆ ట్రావెల్‌లోనే కొంత వదులుకోవాలి. 50 కిలోల మనిషి చెరువు శిఖంలో, మొరం గుట్టల మీద తిప్పే బండికి 280కి బదులు 240 మి.మీ. ట్రావెల్ ఉన్నా ఏ లోటూ ఉండదు.

చాలామంది చేసే పని వేరు. ముందు చక్రాన్ని మోసే ఫోర్క్ పైపులను పైనా కిందా పట్టి ఉంచే బిగింపులే పై టీ, కింది టీ; వాటి బోల్టులు వదులు చేసి పైపులను పైకి జరుపుతారు. పది నిమిషాల పని. 10 మి.మీ. వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ కొన్నేళ్ల కింద నా బండికి ఏకంగా 40 మి.మీ. జరిపాను. ధర్మసాగర్ వైపు ఒక మట్టి కుప్ప మీది నుంచి దిగేసరికి ఫోర్క్ పూర్తిగా కుంగింది, టైరు పోయి కింది టీకి తగిలి చక్రం ఆగిపోయింది. నా మణికట్టు బాగవడానికి రెండు నెలలు పట్టింది. పైపులు పైకి జరిపితే ట్రావెల్ తగ్గదు. అదే ట్రావెల్, టైరుకు మాత్రం చోటు తక్కువ. లోపలి నుంచి తగ్గిస్తే పూర్తిగా కుంగినప్పుడు టైరు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ఫోర్క్ చాచుకునే పొడవు మాత్రమే తగ్గుతుంది.

ఇప్పుడు ఫోర్క్ లోపలికి పోదాం. మన బండిది డాంపర్ రాడ్ రకం. పై నుంచి వరసగా మూత, దాని కింద ఇనుప గొట్టం లాంటి స్పేసర్, తర్వాత పొడుగు స్ప్రింగ్, స్ప్రింగ్ కూర్చునే డాంపర్ రాడ్ తల. ఆ తల కింద రాడ్ చుట్టూ అంగుళం, అంగుళంన్నర పొడవుండే చిన్న స్ప్రింగ్ ఉంటుంది. ఫోర్క్ పూర్తిగా చాచుకున్నప్పుడు టక్కున కొట్టుకోకుండా ఆపేది అదే. ఈ చిన్న స్ప్రింగ్ కింద ఒక బుష్ (పొట్టి గొట్టం ముక్క) వేస్తే, ఆ బుష్ ఎంత పొడవుంటే ఫోర్క్ అంత ముందే ఆగిపోతుంది. మొత్తం కిటుకు ఇదే.

బుష్ పొడవు ఎంత? ఫోర్క్ నిటారుగా ఉండదు, దాదాపు 28 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే ఫోర్క్‌లో 40 మి.మీ. తగ్గిస్తే ముందు భాగం నిలువుగా 35 మి.మీ. దిగుతుంది. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

విప్పేటప్పుడు వరస తప్పొద్దు. ఇంజిన్ కింద గట్టి స్టూల్ పెట్టి ముందు చక్రం గాలిలో ఉంచండి. ఫోర్క్ మూత మీద గాలి వాల్వ్ ఉంటే ముందు గాలి వదిలేయండి. పై టీ బోల్టు వదులు చేసి, కింది టీ బిగుతుగా ఉండగానే మూతను అర చుట్టు కదపండి. తర్వాత ఫోర్క్ అడుగున ఉండే ఆలెన్ బోల్టును, స్ప్రింగ్ లోపల ఉండగానే వదులు చేయండి. స్ప్రింగ్ ఒత్తిడికి డాంపర్ రాడ్ తిరగకుండా నిలబడుతుంది. స్ప్రింగ్ తీశాక ఈ బోల్టు జోలికి పోతే రాడ్ కూడా దాంతో తిరుగుతుంది, సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. మూత పూర్తిగా తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టండి, చేతి కింద మందపాటి గుడ్డ ఉంచండి. కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది.

బుష్‌ను లేత్ మీద తిప్పించాలి. మట్టెవాడలో నేను పోయే లేత్ భాయ్‌కి డాంపర్ రాడ్, చిన్న స్ప్రింగ్ రెండూ చేతికిస్తాను. నోటితో కొలతలు చెప్పడం కంటే అది నయం. అల్యూమినియం గానీ గట్టి నైలాన్ గానీ సరిపోతుంది. లోపలి రంధ్రం రాడ్ మీద వదులుగా జారాలి, బయటి కొలత చిన్న స్ప్రింగ్ బయటి కొలతను మించొద్దు. రెండు చివరలూ లంబంగా ఉండాలి. రెండు బుష్‌ల పొడవులోనూ వెంట్రుకంత తేడా ఉండొద్దు. వర్నియర్ పెట్టి అక్కడే చూసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: రాడ్ తలకు కొంచెం కింద చిన్న రంధ్రాలుంటాయి. ఫోర్క్ తిరిగి చాచుకునే వేగాన్ని ఆ రంధ్రాల గుండా పోయే ఆయిలే అదుపు చేస్తుంది. బుష్ వాటిని మూసిందా, డాంపింగ్ చెడిపోయినట్టే. అందుకే చిన్న స్ప్రింగ్ పైన కాకుండా కిందే వేయమన్నాను.

బుష్ వేశాక పెద్ద స్ప్రింగ్‌కు లోపల 40 మి.మీ. చోటు తగ్గిపోతుంది. పైనున్న స్పేసర్‌ను కూడా అంతే కోయాలి. మన దాంట్లో అది 90 మి.మీ. ఉంది, 50కి కోశాం. ఇది మరిచిపోతే స్ప్రింగ్ ముందే 40 మి.మీ. అదనంగా నొక్కుకుని కూర్చుంటుంది, చెల్లె బరువుకు ఫోర్క్ కదలనే కదలదు. కొన్ని బండ్లలో స్పేసర్ ఉండదు. అలాంటప్పుడు స్ప్రింగ్‌నే కోసేస్తారు. 500 మి.మీ. స్ప్రింగ్‌లో 40 కోస్తే చుట్లు తగ్గి, గట్టిదనం దాదాపు 9 శాతం పెరుగుతుంది. తేలికైన మనిషికి అది ఉల్టా పని. అక్కడ పొట్టి, మెత్తటి స్ప్రింగ్ వెతకడమే దారి, కొంచెం ఆలస్యమైనా సరే.

ఆయిల్ సీళ్లు ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తవి వేయండి. అడుగు బోల్టు రాగి వాషర్ కూడా మార్చండి. ఆయిల్ పోయకముందే, పెద్ద స్ప్రింగ్ లేకుండా ఫోర్క్‌ను చేత్తో పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి చూడండి. నొక్కినప్పటి కొలత పాతదే రావాలి. లాగినప్పటి కొలత 40 తగ్గాలి. రెండు కాళ్లూ ఒకేలా రాకపోతే ముందుకు పోవద్దు. 10డబ్ల్యూ చిక్కదనం ఉన్న ఫోర్క్ ఆయిల్ పోసి, ఫోర్క్‌ను పదిసార్లు పంప్ చేసి గాలి పోనిచ్చి, ఫోర్క్ పూర్తిగా నొక్కి ఉండగా, స్ప్రింగ్ లేకుండా, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా కొలవండి. మీ బండి మాన్యువల్ ఉంటే అందులో ఉన్నంత, లేకపోతే 150 మి.మీ. నుంచి మొదలుపెట్టండి.

అన్నీ బిగించాక పైపుకు జిప్ టై కట్టి, చక్రం నేల మీద పెట్టి, ఇద్దరు బండి పట్టుకోగా రైడర్ ఫుట్ పెగ్గుల మీద నిలబడాలి. హెల్మెట్, బూట్లతో సహా. జిప్ టై ఎంత జరిగిందో ఫోర్క్ అంత కుంగినట్టు. 240 మి.మీ. ట్రావెల్‌కు ఫోర్క్ 60 నుంచి 75 మి.మీ. మధ్య కుంగాలి. చెల్లెకు మొదట 48 వచ్చింది. స్పేసర్ ఇంకో 15 మి.మీ. కోశాక 63కి వచ్చింది.

ఇలా ముందు మాత్రం దించి బండి నడపొద్దు. ముందు 35 మి.మీ. దిగి వెనుక అలాగే ఉంటే, ఇంత వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) మీద ఫోర్క్ వాలు ఒక డిగ్రీకి పైగా నిటారు అవుతుంది. మొరం మీద వేగంగా పోతే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. చెల్లెకు ఎంత తొందరున్నా వెనుక పని అయ్యేదాకా బండి నా దగ్గరే ఉంచుకున్నాను.

వచ్చే పాఠం వెనుక షాక్ గురించి. దాంట్లో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది, విప్పకండి. మీరు చేయాల్సింది రెండు కొలతలు. వెనుక చక్రం గాలిలో ఉండగా షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా ఎంతుందో రాసుకోండి. తర్వాత చక్రాన్ని 100 మి.మీ. పైకి ఎత్తి, అదే దూరం మళ్లీ రాసుకోండి. షాక్‌లో ఎంత బుష్ వేయాలో ఆ రెండు అంకెల నుంచే లెక్క కడదాం.