చివరి రౌండ్ల రిసీవర్‌ను అంచనా వేయడం: నాలుగో పాఠం

గత మూడు పాఠాల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో విసిరిన బంతిని అందుకునే రిసీవర్ నిలబడే స్థానాలు, అతడు పరుగెత్తే దారులు అంటే రూట్లు, అతడిని అడ్డుకోవడానికి ప్రత్యర్థులు పన్నే కవరేజీలు ఏమిటో చెప్పుకున్నాం. అంతవరకు పట్టు చిక్కినవారికి మొదటి రౌండ్‌లో వెళ్లే రిసీవర్‌ను గుర్తించడం పెద్ద కష్టం కాదు. ఈ పాఠం శనివారపు ఆటగాళ్లది. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ 2010 నుంచి మూడు రోజులపాటు సాగుతోంది. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండు, మూడు రౌండ్లు ముగిసి, నాలుగు నుంచి ఏడు వరకు రౌండ్లన్నీ శనివారానికి మిగులుతాయి. అప్పటికే దాదాపు వంద మంది ఎంపికైపోయి ఉంటారు.

అంతదాకా మిగిలిన ప్రతి రిసీవర్‌కూ ఏదో ఒక లోపం ఉంటుంది, ఆ లోపం 32 జట్లకూ తెలిసే ఉంటుంది. కాబట్టి ఇతడు ఎంత మంచి ఆటగాడు అన్న ప్రశ్నతో పరిశీలన మొదలుపెట్టవద్దు. ఇతడు ఇంకా ఎందుకు మిగిలాడు అని అడగండి. కారణం దొరికాక, ఆ లోపం ప్రొఫెషనల్ ఆటలో నిజంగా దెబ్బతీసేదా, లేక ఎంపిక చేసేవారికి అతడి ఆట సరిగా కనబడకుండా అడ్డుపడినది మాత్రమేనా అన్నది తేల్చుకోవాలి. చివరి రౌండ్లలో పరిశీలకుడి పనంతా ఈ తేడాను పట్టుకోవడంలోనే ఉందని నా నమ్మకం.

మిగిలిపోవడానికి కారణాలు ఒక్క రకంగా ఉండవు. మార్కస్ కోల్‌స్టన్ 2006లో ఏడో రౌండ్‌లో, 252వ స్థానంలో న్యూ ఓర్లీన్స్ జట్టుకు దక్కాడు. అతడు ఆడిన హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయం పెద్ద జట్ల శ్రేణిలోనిది కాదు, 2009లో అది ఫుట్‌బాల్ జట్టునే ఎత్తివేసింది. ప్రత్యర్థులు బలహీనులన్న సందేహమే అతడిని అంత కిందికి దించింది. అయితే మొదటి ఏడాదే అతడు 70 క్యాచ్‌లతో 1,038 గజాలు సాధించాడు. జూలియన్ ఎడెల్‌మన్ కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. 2009లో 232వ స్థానంలో అతడిని తీసుకున్న న్యూ ఇంగ్లండ్ చేతిలో రిసీవర్‌గా అతడు ఆడిన కాలేజీ వీడియో అంటూ దాదాపు ఏదీ లేదు. ఆంటోనియో బ్రౌన్ పొట్టివాడు, చిన్న లీగ్ నుంచి వచ్చినవాడు కావడంతో 2010లో 195వ స్థానం దాకా ఆగవలసి వచ్చింది.

ప్రత్యర్థులు బలహీనులన్న సందేహం వచ్చినప్పుడు, అతడు ఎన్ని గజాలు సాధించాడన్న లెక్కను పక్కనపెట్టి, ఏ విధంగా సాధించాడో చూడండి. కేవలం తన వేగంతో అందరినీ దాటిపోయినవాడికి రిసీవర్‌ను కాపలా కాసే ప్రొఫెషనల్ కార్నర్‌బ్యాక్‌ల ముందు ఆ ఆధిక్యం కరిగిపోతుంది. అదే మైదానంలో మలుపు దగ్గర పాదం మోపిన తీరుతో, బంతి గాలిలో ఉండగా ప్రత్యర్థిని వీపు వెనకే ఉంచుకున్న నేర్పుతో గెలిచినవాడి ఆట ఎక్కడికైనా అతడితోపాటే వస్తుంది.

మైదానం బయటి ప్రవర్తన వల్ల కిందికి జారినవారి సంగతి వేరు. టైరీక్ హిల్ గృహహింస కేసులో ఓక్లహోమా స్టేట్ జట్టు నుంచి తొలగింపబడి, వెస్ట్ అలబామాలో ఆడి, 2016లో 165వ స్థానంలో కాన్సస్ సిటీకి వెళ్లాడు. ఇలాంటి పతనాన్ని చవకబేరంగా లెక్కించే అలవాటు పరిశీలకుల్లో ఉంది. అది తప్పని నేను గట్టిగా అనుకుంటాను. వీడియో చూసి తేల్చగల విషయం కాదది, మన పాఠం పరిధిలోకీ రాదు.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. కాలేజీ రిసీవర్ అంకెల్లో సగం పక్కవాళ్ల చేతిలో ఉంటాయి. బంతి విసిరేవాడు సరిగా లేకపోతే, ఎంత ఖాళీ సంపాదించినా స్కోరు పుస్తకంలో ఏమీ చేరదు. స్టెఫాన్ డిగ్స్ మేరీలాండ్‌లో చేరిన 2012లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు ఒకరి తర్వాత ఒకరు గాయపడి, చివరికి రక్షణలో ఆడే ఒక లైన్‌బ్యాకర్‌ను ఆ స్థానంలో నిలబెట్టి ఆడించవలసి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది డిగ్స్ కాలే విరిగింది. 2015లో అతడు 146వ స్థానం దాకా మిగలడంలో ఈ రెండింటి పాత్రా ఉంది. అతడి గణాంకాల పట్టిక మాత్రమే చదివినవారికి ఇదేమీ తెలిసే అవకాశం లేదు.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. ఆట మొదలయ్యే లైన్ వెనకే అందించే స్క్రీన్ పాస్‌లు ఎక్కువగా ఆడే జట్టులో రిసీవర్ క్యాచ్‌ల సంఖ్య ఉబ్బిపోతుంది. ఆ క్యాచ్‌లు ఆట పథకం చేతికిచ్చినవే తప్ప అతడు గెలుచుకున్నవి కావు. కాబట్టి పట్టిక ముందు పెట్టుకున్నప్పుడు స్క్రీన్‌లను తీసివేస్తే ఏం మిగులుతుందో చూడండి. జట్టు మొత్తం పాస్ గజాల్లో అతడి వాటా ఎంత, ఆ వాటా ఏ వయసులో వచ్చింది అన్నవి కూడా రాసుకోండి. పందొమ్మిదేళ్లకే జట్టులో ప్రధాన రిసీవర్ అయినవాడికీ, ఇరవై మూడేళ్లు వచ్చాక తనకన్నా చిన్నవాళ్ల మీద రాణించినవాడికీ ఒకే విలువ కట్టకూడదు.

అంకెల వల్ల పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది, అంతే. అసలు పని వీడియోలోనే జరుగుతుంది కనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందుగా ఒక ఇబ్బంది. టీవీ ప్రసారంలో కెమెరా బంతిని అనుసరిస్తుంది కాబట్టి, అంచున ఉన్న రిసీవర్ ఆట మొదలైన క్షణాల్లోనే తెర నుంచి తప్పిపోయి, బంతి వచ్చినప్పుడు మాత్రమే మళ్లీ కనిపిస్తాడు. మధ్యలో జరిగినదే మనకు కావలసినది. మైదానంలోని ఇరవై ఇద్దరినీ చూపించే కోచింగ్ వీడియో కాలేజీ ఆటలకు సామాన్య ప్రేక్షకులకు సులభంగా దొరకదు. దీనికి రెండు మార్గాలున్నాయి. దాడి జట్టు గోల్ లైన్‌కు ఇరవై గజాల లోపు చేరినప్పుడు మైదానం కుదించుకుపోతుంది, అప్పుడు రిసీవర్ తెరలోనే ఉంటాడు. ముందు ఆ ఆటలన్నీ ఏరి చూడండి. తర్వాత, గోల్ వెనక నుంచి చూపించే రీప్లేలను వదలకుండా చూడండి, ఎందుకంటే మలుపు దగ్గర కార్నర్‌బ్యాక్‌కూ రిసీవర్‌కూ మధ్య ఎంత దూరం ఏర్పడిందో ఆ కోణంలోనే తేటగా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక్క రూట్‌ను దగ్గరగా చూద్దాం. డిగ్ అంటే పన్నెండు గజాలు లేదా కాస్త ఎక్కువ దూరం నేరుగా పరుగెత్తి, మైదానం మధ్యకు అడ్డంగా తిరిగే రూట్ అని రెండో పాఠంలో చెప్పుకున్నాం. వీడియోను మలుపుకు ముందు చివరి నాలుగైదు అడుగుల దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. భుజాలు చూడండి. వేగం తగ్గించడానికి ముందే రిసీవర్ నిటారుగా లేచాడంటే, తాను ఆగబోతున్నానని కార్నర్‌బ్యాక్‌కు చెప్పేసినట్టే. ఛాతీ మోకాళ్ల మీదికే వంగి ఉంచి, నేరుగా లోతుకు పోయే గో రూట్‌లో పరుగెత్తినట్టే చివరి దాకా పరుగెత్తినవాడు ప్రత్యర్థి తుంటిని వెనక్కి తిప్పించగలుగుతాడు. తుంటి ఒకసారి తిరిగితే కార్నర్‌బ్యాక్ మళ్లీ ముందుకు రావడానికి కనీసం ఒక అడుగు నష్టపోక తప్పదు. తర్వాత ఎన్ని అడుగులు వేసి ఆగాడో లెక్కించండి. రెండు మూడు అడుగుల్లో ఆగగలిగినవాడు అరుదు, అయిదారు అడుగులు తీసుకున్నవాడికి ఆ రూట్ మీద ఆధారపడలేం. చివరగా, మలుపు తిరిగాక అతడి దారిని గమనించండి. గడ్డి మీది గీతకు సమాంతరంగా వచ్చాడా, లేక మెల్లగా లోతుకు జారాడా? లోతుకు జారితే కార్నర్‌బ్యాక్ అతడి ముందు నుంచి దూరి బంతిని తన్నుకుపోవడానికి దారి ఇచ్చినవాడవుతాడు. క్వార్టర్‌బ్యాక్‌ల పేరున పడే ఇంటర్‌సెప్షన్లలో కొన్నింటికి అసలు కారణం ఇదే.

ఈ పరీక్షలో నెగ్గిన రిసీవర్ దొరికితే, మిగతా లోపాలను నేను చాలావరకు క్షమిస్తాను.

తర్వాత చూడవలసినది లైన్ దగ్గరి పోరు. కాలేజీలో చాలామంది రిసీవర్లకు ఎదుటివాడు ఆరేడు గజాల దూరంలో నిలబడతాడు, దాంతో వారు లైన్ దగ్గరే ఎదురు నిలిచి చేతులతో అడ్డుకునే ప్రెస్ కవరేజీని ఎదుర్కొన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఆ కొద్ది సందర్భాలనూ వెతికి పట్టుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయిదు గజాలు దాటాక రిసీవర్‌ను తాకి అడ్డుకోవడం నేరమే గానీ, ఆ అయిదు గజాల్లో చేతులతో ఆపే హక్కు కార్నర్‌బ్యాక్‌కు ఉంది. అక్కడే చిక్కుకుపోయేవాడికి మిగతా నైపుణ్యం చూపించే అవకాశమే రాదు.

నిబంధనల తేడాలను కూడా మనసులో ఉంచుకోండి. ప్రతి ఆటకూ బంతిని ఉంచే చోటుకు హద్దులుగా మైదానంలో గీసే రెండు హాష్ గుర్తుల వరుసల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. అందువల్ల కాలేజీలో బంతి ఒక పక్క ఉన్నప్పుడు రెండో పక్క ఉండే రిసీవర్‌కు ప్రొఫెషనల్ ఆటలో ఎన్నడూ దొరకనంత విశాలమైన జాగా దొరుకుతుంది. అంచు దగ్గర పట్టిన క్యాచ్‌కు కాలేజీలో ఒక పాదం లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు పాదాలూ పడాలి. కాలేజీలోనే అలవాటుగా రెండో పాదాన్ని కూడా లోపల మోపేవాడు కనిపిస్తే నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి.

గడియారం గురించి క్లుప్తంగా చెబుతాను. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించేందుకు ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్‌లో 40 గజాల పరుగుకు దక్కే ప్రచారం దాని యోగ్యతను మించినది. జాన్ రాస్ 2017లో 4.22 సెకన్లలో పరుగెత్తి తొమ్మిదో స్థానంలో సిన్సినాటికి వెళ్లాడు, ఆ ఏడాది ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. ఆన్‌క్వాన్ బోల్డిన్ 4.72 సెకన్లు తీసుకుని 2003లో రెండో రౌండ్‌కు జారాడు, మొదటి ఏడాదే 101 క్యాచ్‌లు పట్టాడు. వేగం అక్కరలేదని ఈ రెండు ఉదాహరణలు రుజువు చేయవు. అయితే ఆగడం, తిరగడం రాని వేగానికి చివరి రౌండ్లలో ఒక ఎంపికను ఖర్చుపెట్టకూడదని నేను చెబుతాను.

చివరి రౌండ్లలో వచ్చినవాడు జట్టులో నిలవాలంటే మొదట రిసీవర్‌గా కాక మరో పనిలో ఉపయోగపడాలన్నది కొత్తగా నేర్చుకునేవారు తరచు మరిచిపోతారు. జట్టులో 53 మందికే చోటు. అయిదో రిసీవర్ ప్రత్యర్థి కాలితో తన్నే పంట్‌లను అందుకుని తిరిగి తేవాలి, లేదా పంట్ వెంట పరుగెత్తి తిరిగి తెచ్చేవాడిని పడగొట్టాలి. ఆంటోనియో బ్రౌన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటిసారి బంతి అందుకున్నది కిక్ తిరిగి తెచ్చే ఆటలోనే, అది 89 గజాల టచ్‌డౌన్ అయింది. 2008లో అయిదో రౌండ్‌లో రిసీవర్‌గా ఎంపికైన మాథ్యూ స్లేటర్ తన మొత్తం కెరీర్‌లో పట్టింది ఒక్క క్యాచ్, కానీ ఇలా బంతిని తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్ ఆటతో, మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు పదిసార్లు ఎంపికయ్యాడు. అతడిని ఎంచుకోవడం పొరపాటని ఎవరూ అనలేరు.

ఇదంతా ఒక నిజమైన ఏడాది మీద పెట్టి చూద్దాం. 2023లో అయిదో రౌండ్‌లో, 27 స్థానాల తేడాలో ముగ్గురు రిసీవర్లు వెళ్లారు. 150వ స్థానంలో ఫ్లోరిడాకు చెందిన జస్టిన్ షార్టర్ బఫెలోకు, 159వ స్థానంలో వర్జీనియాకు చెందిన డోంటేవియన్ విక్స్ గ్రీన్ బేకు, 177వ స్థానంలో బ్రిగమ్ యంగ్‌కు చెందిన పూకా నకూవా లాస్ ఏంజెలిస్ రామ్స్‌కు. షార్టర్ ఎత్తూ బలమూ ఉన్నవాడు, హైస్కూల్ నుంచే పేరున్నవాడు, కానీ బఫెలోలో నిలదొక్కుకోలేకపోయాడు. విక్స్ 2021లో 57 క్యాచ్‌లతో 1,203 గజాలు సాధించి, కోచ్ మారాక మరుసటి ఏడాది 430 గజాలకు పడిపోయాడు. రెండేళ్లూ బంతి విసిరినవాడు ఒకడే కాబట్టి, పడిపోయింది రిసీవర్ నైపుణ్యమా లేక మారిన పథకమా అని అడగవలసిన సందర్భమిది. అతడు ప్రత్యర్థి నుంచి విడివడే తీరు రెండేళ్లలోనూ బాగుంది. చేతుల్లోంచి బంతి జారడం అన్న ఫిర్యాదు అతడిని ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ వదలలేదు. నకూవా మీద ఉన్న అభ్యంతరాలు గాయాలు, సాధారణ వేగం. కానీ 2021లో 43 క్యాచ్‌లకే 805 గజాలు సాధించాడు, రన్నింగ్ బ్యాక్‌లా బంతి పట్టుకుని పరుగెత్తాడు, తోటివాడికి దారి ఇవ్వడానికి ప్రత్యర్థిని అడ్డుకోవడానికి, అంటే బ్లాక్ చేయడానికి వెనుకాడలేదు. రిసీవర్లను లైన్‌కు దగ్గరగా నిలిపి వారితో బ్లాక్ చేయించే రామ్స్ పథకానికి అతడు సరిగ్గా సరిపోయాడు. ఆ సీజన్ ఆరంభంలో రామ్స్ ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయపడి లేకపోవడంతో మొదటి ఆటలోనే అవకాశం వచ్చింది. సియాటిల్ మీద 10 క్యాచ్‌లు, 119 గజాలు. ఏడాది ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు, రెండూ అప్పటికి కొత్త ఆటగాళ్ల రికార్డులే.

ఇక్కడ ఒక విషయాన్ని దాటవేయకూడదు. అదే రౌండ్‌లో 174, 175 స్థానాల్లో రామ్స్ మరో ఇద్దరిని తీసుకుని, ఆ తర్వాతే నకూవా పేరు చదివింది. అతడు ఇంతటివాడవుతాడని ఆ జట్టుకే తెలిసి ఉంటే అంతసేపు ఆగేది కాదు. చివరి రౌండ్లలో వచ్చిన రిసీవర్లలో ఎక్కువమంది నాలుగేళ్ల తొలి కాంట్రాక్టు పూర్తి కాకుండానే జట్టు నుంచి తప్పుకుంటారు, మనకు గుర్తుండేది మాత్రం గెలిచిన కొద్దిమంది పేర్లే. గెలిచినవారి వీడియోలు మాత్రమే చూసి నేర్చుకుంటే, వారిలో ఉన్న లక్షణాలే ఓడినవారిలోనూ ఉన్నాయన్న సంగతి ఎన్నటికీ తెలియదు.

అందుకే ఈ పాఠానికి అభ్యాసం ఇలా చేయండి. రాబోయే డ్రాఫ్ట్‌కు ముందే, మూడో రౌండ్ దాటి వెళతారని అంచనా ఉన్న ఆరుగురు రిసీవర్లను ఎంచుకోండి. ఒక్కొక్కరివీ గోల్ లైన్‌కు ఇరవై గజాల లోపు ఆడిన ఆటలన్నీ చూసి, ఒక్కొక్కరికి అరపేజీ రాయండి. ఎందుకు మిగులుతాడు, ఆ లోపం ఎలాంటిది, డిగ్ రూట్‌లో ఎన్ని అడుగుల్లో ఆగుతున్నాడు, ప్రెస్‌ను ఎన్నిసార్లు ఎదుర్కొన్నాడు, స్పెషల్ టీమ్స్‌లో ఏ పని చేయగలడు అన్నవి అందులో ఉండాలి. కింద తేదీ వేసి, తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చకండి. అయిదో పాఠంలో ఇదే పద్ధతిని, బంతి పట్టడంతోపాటు బ్లాక్ కూడా చేసే టైట్ ఎండ్‌లకు వర్తింపజేద్దాం. వారి విషయంలో బ్లాకింగ్‌కు మరింత బరువు ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, ఈ ఆరుగురిలో బ్లాక్ చేసేటప్పుడు ఎవరి చేతులు ప్రత్యర్థి ఛాతీ మీద పడుతున్నాయో, ఎవరివి భుజాల బయటికి జారుతున్నాయో కూడా పక్కన రాసి ఉంచుకోండి.