వెన్నుపాములో నాటిన మూలకణాలను ఎంఆర్‌ఐతో గమనించే పద్ధతి

వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలో నాటిన మూలకణాలు ఎంఆర్‌ఐలో వాటంతట అవి కనిపించవు కనుక, నాటకముందే వాటిలోకి ఇనుప ఆక్సైడ్ నానోరేణువులను చేర్చాలి. ఇందుకు అలాంటి రేణువులున్న ఫెరుమాక్సిటాల్ అనే మందును హెపారిన్, ప్రోటమిన్ అనే మందులతో కలిపి, సీరం లేని మాధ్యమంలో కణాలకు అందించి, లోపలికి చేరని ఇనుమును బాగా కడిగివేయాలి. ప్రష్యన్ బ్లూ రంగుతో ఇనుము చేరిందో లేదో, ట్రిపాన్ బ్లూతో కణాలు బతికి ఉన్నాయో లేదో చూడాలి.

గాయం తరువాత, కణాలు నాటడానికి ముందు ఒక స్కాన్ తప్పనిసరిగా తీయాలి. టీ2 స్టార్ అనే రకం ఎంఆర్‌ఐ చిత్రాల్లో ఇనుము నల్లగా కనిపిస్తుంది. గాయంలో మిగిలిన పాత రక్తస్రావం కూడా అలాగే కనిపిస్తుంది కనుక, ముందటి చిత్రం లేనిదే తరువాతి చిత్రాన్ని నమ్మకూడదు.

అంతకంటే పెద్ద చిక్కు, నాటిన కణం చనిపోయినా దాని ఇనుము అక్కడే ఉండిపోవడం, ఆ ఇనుమును మాక్రోఫేజ్‌లు, అంటే చచ్చిన కణాలను మింగే రోగనిరోధక కణాలు, మింగడం. నల్లమచ్చను చూసి కణాలు బతికాయని ప్రకటించడం రోగుల ఆశలతో ఆడుకోవడమే అవుతుందని నా అభిప్రాయం. అందుకే చంపిన కణాలకు కూడా అదే ఇనుమును పట్టించి, వేరే ఎలుకల్లో నాటి పోల్చాలి. వెలుగు పుట్టించే లూసిఫరేజ్ అనే ఎంజైము జన్యువును కణాల్లో ముందే చేర్చి ఉంటే, దానికి కావలసిన లూసిఫెరిన్ అనే పదార్థాన్ని ఇచ్చినప్పుడు వెలుగు బతికున్న కణాల నుంచే వస్తుంది. కణాలు విభజన చెందే కొద్దీ ఇనుము పలచబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. చివరగా వెన్నుపాము కోతలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఎంఆర్‌ఐ చిత్రంతో సరిచూడాలి.