సప్లై చైన్‌కి బీఐ డాష్‌బోర్డ్ (బిజినెస్ ఇంటెలిజెన్స్, అంటే వ్యాపారం లెక్కలన్నీ ఒకే స్క్రీన్ మీద చూపించేది) పెట్టేముందు ఈ జాగ్రత్తలు చూస్కోండి

- ముందు ఐటమ్ మాస్టర్ (సరుకులన్నిటి పేర్లు, కోడ్‌లు ఉండే లిస్టు) క్లీన్ చేస్కోండి. ఒకే సరుకు మూడు కోడ్‌లతో ఉండి, ఒక గోడౌన్ వాళ్లు బాక్సుల్లో ఇంకో గోడౌన్ వాళ్లు పీసుల్లో ఎక్కిస్తుంటే పవర్ బీఐ, టాబ్లో లాంటి ఏ డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ పెట్టినా వచ్చేది తప్పు లెక్కే.

- స్టాక్ లేని రోజుల్ని విడిగా మార్క్ చేయండి, దయచేసి దీన్ని మాత్రం వదలొద్దు. సరుకు లేక అమ్మకం సున్నా అయితే డిమాండ్ కూడా సున్నా అనుకుని సిస్టమ్ తక్కువ ఆర్డర్ చెప్తుంది, దాంతో మళ్లీ స్టాక్ అయిపోతుంది, మళ్లీ సున్నా, అలా తిరుగుతూనే ఉంటుంది.

- లీడ్ టైమ్‌లో (ఆర్డర్ పెట్టాక సరుకు చేరడానికి పట్టే రోజులు) సగటు ఒక్కటే చూడకండి. ఒక సప్లయర్ ప్రతిసారీ 10 రోజులకే పంపిస్తాడు, ఇంకొకరు ఓసారి 4 రోజులకి ఓసారి 16 రోజులకి, ఇద్దరి సగటూ 10 రోజులే కానీ రెండో ఆయన సరుక్కి సేఫ్టీ స్టాక్ (ఆలస్యమైతే ఆదుకోడానికి అదనంగా ఉంచుకునే సరుకు) ఎక్కువ పెట్టుకోవాల్సిందే.

- ఫోర్‌కాస్ట్‌కి (ముందు ముందు ఎంత డిమాండ్ ఉంటుందో అంచనాకి) డీలర్లు పెట్టిన ఆర్డర్లు కాదు, వీలైతే చివరి కస్టమర్ కొన్న లెక్క తీస్కోండి. ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం ఎక్కువ అడుగుతూ పోతే ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి డిమాండ్ బాగా ఊగిపోతుంది, దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు.

- డేటా ఎప్పుడు రిఫ్రెష్ అయిందో టైమ్ స్క్రీన్ మీదే కనపడాలి.

- సప్లయర్ రేట్లు ఎవరెవరికి కనపడాలో ముందే పర్మిషన్లు పెట్టేయండి.

- ఆటోమేటిక్ ఆర్డర్లు ఆన్ చేసేముందు కొన్ని వారాలు పాత పద్ధతిని కూడా పక్కనే నడిపి, తేడా వచ్చిన ప్రతి ఐటమ్‌కీ కారణం గోడౌన్‌లో పనిచేసేవాళ్లనే అడగండి, వాళ్లకి తెలిసినంత ఏ రిపోర్టులోనూ ఉండదు.